కోడలి ఫోన్‌కే వెళ్ళిన రిపోర్టు

ఈ రోజు నా షుగర్ పరీక్ష రిపోర్టు కోసం రాజమండ్రిలో ఒక ల్యాబ్‌కి వెళ్ళాను. నా ముందు కడియం నుంచి వచ్చిన ఒక మొక్కల నర్సరీ యజమాని, ఆయన కోడలు ఉన్నారు. పెద్దాయన ఫోన్ తీసి, ల్యాబ్ నడిపే డాక్టరమ్మతో చాలా మామూలుగా అన్నారు.

"మా కోడలి రిపోర్టు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి మేడం గారూ. అందరం ఒకేసారి చూసుకుంటాం."

కోడలి ముఖం చిన్నబోయింది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, "నీకు సొంత ఫోన్ ఉందామ్మా?" అని అడిగారు. ఉందని చెప్పి, ఆమె నంబరు ఇచ్చింది.

"మా ఇంట్లో మాకు దాపరికాలేంటండీ?" పెద్దాయన నొచ్చుకున్నారు.

"దాపరికం కాదండి. తన ఒంటి సంగతి ఎవరికి చెప్పాలో తన ఇష్టం. రేపు మీ రిపోర్టు మీ అబ్బాయి అడిగినా, మీరు సరేననందే ఇవ్వనండి."

ఆయన "అదీ నిజమేలెండి" అన్నారు.

కోడలు పక్కకి వెళ్ళి, తన ఫోన్‌కి వచ్చిన రిపోర్టు చదువుకుంది. ఏమొచ్చిందని మావగారు అడిగితే, "ముందు మీ అబ్బాయికి చెప్పి, తర్వాత మీకు చెప్తాను మావయ్యగారూ" అంది. ఆయన సరేనని ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

గొంతు పెంచకుండా, పెద్దాయన్ని చిన్నబుచ్చకుండా ఆ డాక్టరమ్మ మాట్లాడిన తీరు నాకు భలే నచ్చింది. ఇంతకీ రిపోర్టులో ఏముందో తెలుసుకుందామని నేనూ చెవులు రిక్కించాను. తెలియలేదు. మంచిదే అయింది.

మీ ఇంట్లో ఆడవాళ్ళ రిపోర్టులు ఎవరి ఫోన్‌కి వస్తాయండీ?