సరిగ్గా అడిగితేనే

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నేర్చుకున్న తొలి ఇంగ్లీషు పాఠం ఉప్పుతో మొదలైంది.

భోజనాల దగ్గర ఇంగ్లీషే మాట్లాడాలని ఆమె భర్త, మాస్టారి నియమం. సరిగ్గా అడిగితేనే అడిగింది దొరుకుతుందని ఇంకో నియమం. ఆయన మంచినీళ్ళకని వంటగదిలోకి లేచినప్పుడు, కూరలో ఉప్పు చాలక, "టేక్ సాల్ట్" అంది ఆమె. మాస్టారు నీళ్ళు తాగి ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

"టేక్ అంటే ఇక్కణ్ణుంచి పట్టుకుపోవడం. ఇక్కడికి తెమ్మనాలంటే బ్రింగ్. ఏదీ, మళ్ళీ అడుగు."

ఆమె అడగలేదు. లేచి తెచ్చుకోనూ లేదు. చప్పిడి ముద్దే మింగింది. ఉప్పూ కారం తినేవాళ్ళకే రోషం అంటారు గానీ, ఆ పూట ఉప్పు లేకుండానే ఆమెకు జీవితానికి సరిపడా రోషం పుట్టుకొచ్చింది.

మాస్టారు సాయంత్రాలు ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్పేవారు. డ్రైవర్లు, బట్టల షాపుల్లో అమ్మాయిలు, కొత్తగా కౌంటర్లో కూర్చున్నవాళ్ళు ఆయన శిష్యులు. హియర్ అంటే మాట చెవిలో పడటం, లిజన్ అంటే చెవి ఒగ్గి వినడం అని చెప్పి, "మా ఇంట్లో నా మాటకి హియరే గాని లిజన్ లేదర్రా" అనేవారట. క్లాసంతా గొల్లుమనేది. నవ్వులన్నీ అక్కడే ఖర్చైపోయేవి. ఇంటికి ఎర్రసిరా ఒక్కటే మిగిలేది.

నిజానికి ఆమె చేసిందంతా లిజనే. ఇంటికొచ్చిన శిష్యులకు ఆయన పాఠం చెబుతుంటే పొయ్యి దగ్గర నిలబడి, అప్పడగడానికి బారో, అప్పివ్వడానికి లెండ్, ఊరికే కంటబడితే సీ, కూర్చుని చూస్తే వాచ్ అని అన్నీ ఒంటబట్టించుకుంది. నోరు మాత్రం విప్పేది కాదు. అడిగితే గాని దొరకనివి ఒక్కొక్కటే మానుకుంది. వానలో గొడుగు, అక్కగారింటి ప్రయాణం, చివరికి నచ్చిన రంగు చీర.

"మీ ఆవిడగారికి ఇంగ్లీషు రాదా మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "రాయికి నూనె రాస్తే మెత్తబడుతుందటయ్యా?" అనేవారు. ఆమె ఆ పక్కనే కాఫీ కప్పులు పెడుతూ ఉండేది.

నిరుడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచేతినీ, మాటనూ పడగొట్టింది. ఇప్పుడు తెలుగు ముద్దముద్దగా, ఇంగ్లీషు ముక్కలుముక్కలుగా వస్తోంది. మాటలు తిరిగి నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చి వెళుతోంది.

"అన్నీ ముందే అందించెయ్యకండి ఆంటీ. దాహమేస్తే ఆయన్నే అడగనివ్వండి. కానీ తప్పో ఒప్పో నోరు విప్పారా, వెంటనే ఇచ్చెయ్యాలి. విసుగొచ్చి మానేశారంటే ఇక మాట రాదు" అంది ఆ అమ్మాయి.

ఆమె శ్రద్ధగా వింది. మొదటి సగమే మనసులో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారు గూట్లోని గ్లాసు వైపు ఎడంచెయ్యి చాపారు. "టే... టేక్... వాటర్."

గ్లాసు అందుకోబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది.

"టేక్ కాదండీ. మళ్ళీ అడగండి."

తండ్రిని చూడటానికి వచ్చిన కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మా! అర్థమైందిగా, ఇచ్చెయ్."

"ఉండవే. అడగనివ్వమంది కదా ఆ అమ్మాయి."

"అడిగారుగా!"

"సరిగ్గా అడగలేదు."

"అచ్చం నాన్నలా మాట్లాడుతున్నావు."

"మాట్లాడితే ఏం? ఆయనకీ తెలియాలిగా, ఎలా ఉంటుందో!"

మాస్టారి పెదవులు వణికాయి. గడ్డం మీదికి చొంగ కారింది. ఎట్టకేలకు "బ్రి... బ్రింగ్" అన్నారు. అప్పుడిచ్చింది. మండుటెండలోంచి వచ్చిన మనిషిలా గడగడా తాగారు. ఆ సాయంత్రం వంట చేస్తూ ఆమె ఏదో కూనిరాగం తీసింది.

తర్వాత రుచి మరిగింది. కళ్ళజోడుకీ, దిండుకీ, ఫ్యానుకీ అదే తంతు. "ఊఁ, మళ్ళీ."

ఒకరోజు మాస్టారి పెదవులు పగిలి ఉన్నాయి. గ్లాసు ఎదురుగానే ఉంది. ఆయన గ్లాసును చూశారు, ఆమెను చూశారు, కళ్ళు మూసుకున్నారు. మాటల అమ్మాయి వచ్చి బుజ్జగించింది, బొమ్మలు చూపించింది. ఆయన పెదవి కదపలేదు.

"ఏమైంది ఆంటీ? అంత కష్టపడి పలుకుతున్న మనిషి!"

"ఏమోనమ్మా" అంది ఆమె. ఆ పూట మళ్ళీ చూడవచ్చిన కూతురు తల్లి వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక గ్లాసు ఆయన నోటి దగ్గర పెట్టింది. పళ్ళు బిగించుకున్నారు. ఆ మౌనం ఆమెకు కొత్త కాదు. ఆయన దగ్గర ఆమె ఇంగ్లీషు నేర్చుకుంది. అడగడం మానుకోవడం ఆయన ఆమె దగ్గర నేర్చుకున్నారు.

"డూ యూ వాంట్ సమ్ వాటర్?" అంది. ఉప్పు అడిగిన నాటి తర్వాత ఆయన ఎదుట ఆమె పలికిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది. ఎక్కడా తప్పు లేదు.

మాస్టారు మెల్లగా ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.