చేతికిచ్చిన కత్తి

నేను చెప్పేవాటిలో పదింటికి తొమ్మిది అబద్ధాలని కంచరపాలెం అంతా ఎరుగుదురు. మా ఆవిడైతే పదీ అంటుంది. కానీ ఇది మాత్రం... ఆ మిగిలిన ఒక్కటి. నవ్వండి, పర్లేదు. నా కుడికాలి మడమ పైన తాడు కోసుకుపోయిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఎవరికైనా అనుమానముంటే చెప్పండి, పంచె ఎత్తి చూపిస్తాను.

నేను అయిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి చదివితే తనే బడి మానేస్తానన్నారు మేష్టారు. ఆయన పొట్ట కొట్టడమెందుకని నేనే మానేశాను. అమ్మా నాన్నా అప్పటికే లేరు. సబ్బవరం దగ్గర మా ఊరి నుంచి అక్క నన్ను విశాఖపట్నం, కంచరపాలెంలో వాళ్ళింటికి తెచ్చేసుకుంది. పార్వతి అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆమె మొగుడు అప్పలనాయుడు, మా బావ, పోర్టులో తాళ్ళ గ్యాంగుకి మేస్త్రి. నాకు మీసం రాగానే నన్నూ అందులో పడేశాడు. నాకున్న ఇల్లు వాళ్ళిల్లే. నాకున్న మనుషులు వాళ్ళిద్దరే.

పని ఏమిటంటే, ఓడ జెట్టీ దగ్గరికొస్తుంది. పైనుంచి సన్నతాడు విసురుతారు. దాని చివర మనిషి తొడంత లావుతాడు కట్టి ఉంటుంది. మేం చిన్న పడవలో వెళ్ళి సన్నతాడు అందుకుని, జెట్టీ మీదికి చేరేసి, లావుతాడు ఉచ్చుని ఇనపగుంజకి తగిలిస్తాం. చెప్పడానికి ఇంతే. కానీ ఆ తాళ్ళు ఎప్పుడు ఎవడికి చుట్టుకుంటాయో వాటిక్కూడా తెలీదు. బావ కుడిచేతి చూపుడువేలు సగం వాటికే పోయింది.

అందుకే గ్యాంగులో ప్రతివాడి నడుముకీ ఓ కత్తి ఉండాలి. మడత చాకు పనికిరాదు. అది తెరవాలంటే రెండు చేతులు కావాలి. తాడుకి వేలాడేవాడికి రెండో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒరలో నిలువుగా ఉండే కత్తే కావాలి. పాత రంపం బద్దతో కమ్మరి చేత నాకొకటి చేయించాడు బావ. చేయించి, దాని మొన గుండ్రంగా అరగదీయించేశాడు. నాకు ఏడుపొచ్చింది.

"మొన నేకపోతే అది కత్తేటి బావా? అట్లకాడ."

"తాడు కొయ్యడానికి మొనెందుకురా? జారి పడితే నీ పొట్టే కోత్తాది. అట్లకాడే అనుకో. బతికుంటే అట్లు తింటావు."

పెట్టుకునే చోటు గురించీ ఇదే గొడవ. నేను సినిమా హీరోలా ముందువైపు పెట్టుకున్నాను. వంగగానే పిడి పొట్టలో పొడిచింది. సరే అని వెనక నడుం మధ్యకి తిప్పాను. ఓరోజు వెల్లకిలా పడ్డాను. వారం రోజులు బోర్లా పడుకున్నాను. చివరికి బావ చెప్పిన చోటే కుదిరింది. కుడి తుంటి ఎముకకి కొంచెం వెనక. కూర్చుంటే గుచ్చుకోదు, నిచ్చెనెక్కితే అడ్డు రాదు, చెయ్యి వేలాడేస్తే పిడి దానంతటదే దొరుకుతుంది. ఒర అక్క కుట్టింది, మంటలార్పే గొట్టం తాలూకు మందపాటి గుడ్డతో. లోపల రెండు వెదురు బద్దలు. పిడి మీదుగా ఓ పట్టీ, పట్టీకి టిచ్ బటన్. పడవెక్కే ముందు అందరం ఆ బటన్ నొక్కాలి. టిచ్. టిచ్. బావ చెవి రిక్కించి వినేవాడు. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఒరతో సహా కేరేజీ సంచిలోకి. నడుముకి కత్తి వేలాడేసుకుని సిటీ బస్సెక్కితే కండక్టరు టికెట్టు అడగడు... పోలీసు అడుగుతాడు.

ఇంకో సంగతి చెప్పాలి. మా గ్యాంగులో కత్తి చేతికివ్వరు. ఒకడు అడిగితే రెండోవాడు పడవలో కూర్చునే చెక్క పలక మీద పెడతాడు, అడిగినవాడు తీసుకుంటాడు. చేతిలోంచి చేతిలోకి వెళ్తే ఆ ఇద్దరి మధ్యా ఉన్నది తెగిపోతుందంటారు. చాలా ఇళ్ళల్లో ఉన్న మాటే. బావకి మాత్రం అది వేదం. ఓ పండక్కి మేకని కోస్తూ తన తమ్ముడికి కత్తి చేతికిచ్చాడట. నెల తిరక్కుండా పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. మళ్ళీ ఆ అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. బావ ఓ చుక్క తాగినప్పుడల్లా ఆ తమ్ముడి పేరే పలవరించేవాడు.

"పడవ మునిగిపోతన్నా సరే, మా బావ కత్తి పలక మీదెట్టి తీసుకోరా అంటాడు" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. అందరూ నవ్వేవారు. బావ నవ్వేవాడు కాదు.

డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో. కార్తీకం ముసురు. రాత్రి తొమ్మిది దాటింది.

బావ పైన జెట్టీ మీద గుంజ దగ్గర ఉన్నాడు. కింద పడవలో నేనూ, పడవ నడిపే కొండబాబూ. నేను ఓ జామకాయ కోసుకున్నాను.

"ఒక్కడివే మేత్తన్నావేటిరా? నాకూ ఇయ్యి కత్తి" అన్నాడు కొండబాబు.

పలక మీద పెట్టాను. అప్పుడే ఓడ హారన్ కొట్టింది. ఇద్దరం లేచాం.

ఇక్కడ చూడండి. వాడు తీసుకున్నాడని నేననుకున్నాను. నేను మళ్ళీ తీసేసుకున్నానని వాడనుకున్నాడు. కత్తి ఆ పలక మీదే... ఎవరిదీ కాకుండా... పడుకుని ఉంది. నా వేలు మాత్రం అలవాటు కొద్దీ వెళ్ళి బటన్ నొక్కేసింది. టిచ్. ఖాళీ ఒర మీద.

సన్నతాడు పడింది. అందుకున్నాను. జెట్టీ గోడకున్న ఇనప నిచ్చెన పట్టుకుని ఎక్కుతున్నాను. కొండబాబు పడవని పక్కకి తీసుకుపోయాడు, ఓడ వచ్చే దారి కదా. తాడు ఎక్కడో చిక్కుకుంది. విడిపిద్దామని రెండు మెట్లు దిగాను. అంతే...

కరెంటు పోయింది.

జెట్టీ మీద దీపాలన్నీ ఒక్కసారే. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే నలుపు. ఆ నలుపులో నా మడమకి ఏదో చల్లగా చుట్టుకుంది. సన్నతాడు. దాని అవతలి కొసకి లావుతాడు. లావుతాడు నీళ్ళలో పడి మునుగుతోంది... తనతో పాటు నన్నూ లాగుతోంది.

పాదం జారింది. మోచెయ్యి ఒక్కటి నిచ్చెన మెట్టులో ఇరుక్కుని ఆగాను. మెడ దాకా నీళ్ళు. నోట్లో నూనె కంపు, ఇనపరాయి ధూళి. ఎదర టగ్గు ఇంజను... ధగ్ ధగ్ ధగ్... ఓడని జెట్టీ వైపు తోస్తోంది. ఓడకి తెలీదు నేనున్నానని. అది వచ్చేలోగా పైకెక్కాలి. లేకపోతే ఓడకీ గోడకీ మధ్య నేను తమలపాకులో సున్నం.

అరిచాను. ఇంజను చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు. కుడిచెయ్యి తుంటి వెనక్కి వెళ్ళింది. బటన్ ఊడదీశాను. వేళ్ళు ఒరలోకి వెళ్ళాయి.

వెదురు బద్దలు. అంతే.

అప్పుడు నేను జోకు వెయ్యలేదు. మీరు నమ్మాల్సింది అదొక్కటే.

పైనుంచి బావ గొంతు. "సూరీ... ఒరే సూరీ..." ఎక్కడో దూరంగా. గుంజ వైపు నుంచి. నా చెయ్యి ఇంకా వెనకే ఉంది. అరచెయ్యి తెరిచి ఉంది. నీళ్ళు స్తంభాలకి కొట్టుకుంటున్నాయి... తప్... తప్... ఆ చప్పుడు ఆగింది. ఆగిందో, నా చెవులే ఆగాయో.

నా అరచేతిలో ఏదో ఆనింది.

పిడి.

తాకినట్టు కాదు. పెట్టినట్టు. పదును తనవైపు ఉంచుకుని, పిడి నా వైపు తిప్పి, పద్ధతిగా. తర్వాత ఒక చెయ్యి నా వేళ్ళని ఒక్కొక్కటీ మూసింది. బొటనవేలు చివర్న. మూసి, గట్టిగా ఒకసారి నొక్కి... వదిలింది.

నా ముందు గోడ. నా వెనక నీళ్ళు. ఆ చెయ్యి నీళ్ళలోంచి వచ్చింది. కానీ అది తడిగా ఉన్నట్టు లేదు. వెచ్చగా ఉంది. ఎండలో ఆరిన చెయ్యిలా.

ఎలా వంగానో, ఎలా కోశానో. తాడు టప్పున తెగింది. నిచ్చెన ఎక్కి జెట్టీ మీద బోర్లా పడ్డాను. ఓడ పక్క గోడకి ఆనిన చప్పుడు కింద నుంచి వచ్చింది. కరెంటొచ్చింది. చేతిలో చూసుకున్నాను. గుండ్రటి మొన. నా అట్లకాడే.

బావ పరిగెత్తుకొచ్చాడు. ఎటునుంచి వచ్చాడో చూడలేదు. నన్ను లేపి కౌగిలించుకున్నాడు. నిలువెల్లా కారుతున్నాడు.

"ఇలగ తడిసిపోనావేటి బావా?"

"వానరా."

కింద పడవలోంచి కొండబాబు అరుస్తున్నాడు. "సూరిగా! బతికున్నావురా? నువ్వెక్కినాక కూడా కత్తి పలక మీదే సూసినాను, ఇప్పుడు నేదు! ఎవులు తీసినార్రా?"

ఇంటికెళ్ళాం. అక్క నా మడమకి పసుపు అద్దుతూ జరిగిందంతా అడిగింది. చెప్పాను.

"నీకాడ కత్తి నేదన్నావు. మరెలగొచ్చింది?"

"ఎవులో సేతిలో పెట్టినారక్కా."

అక్క వేళ్ళు ఆగిపోయాయి. బావ వైపు చూసింది. ఆయన గోడ వైపు తిరిగి తల తుడుచుకుంటున్నాడు.

"నువ్వేనేటి?"

"నాకేటి పిచ్చా, కత్తి సేతికివ్వడానికి? నాను గుంజకాడున్నాను. ఆడూ ఇన్నాడు నా గొంతు."

"విన్నాను" అన్నాను.

అక్క బావ చొక్కా జేబులోంచి బీడీ కట్ట తీసింది. ముద్దయిపోయింది. పిండితే నీళ్ళు కారాయి. "ముసురుకి బీడీ కట్ట ఇలగైపోద్దేటి?"

"అయిపోద్ది" అన్నాడు బావ.

అక్క ఆ బీడీల ముద్దని దొడ్లోకి విసిరేసి వచ్చింది.

"ఎవులూ ఇవ్వనేదు. కత్తి ఒరలోనే ఉంది, భయానికి నీకే తెలీనేదు. అంతే. నాకు తమ్ముడూ కావాలి, మొగుడూ కావాలి. ఈ ఇంట్లో ఇంకెవులూ ఆ మాటెత్తకండి."

ఎత్తలేదు. కానీ మనసులో లెక్క ఆగుతుందా? ఆ చేతికి వేళ్ళు అయిదా, నాలుగున్నరా? కొన్ని రాత్రులు అయిదు వస్తాయి. కొన్ని రాత్రులు నాలుగున్నర. బావకి ఈత వచ్చు. పలక మీద కత్తిని పైనుంచి ముందే చూసి ఉంటే, పడవ దాకా ఈది, దాన్ని తీసుకుని, నా దాకా రాగలడు... కానీ గొంతు? ఆ గొంతు పైనుంచి వచ్చింది. జెట్టీ కింద మాట ఎటునుంచైనా వచ్చినట్టు వినపడుతుందని కొండబాబు అంటాడు. మరి ఆ చెయ్యి వెచ్చగా ఎందుకుంది? కొండబాబు జామకాయలు మానేశాడు.

ఒకటి మాత్రం నిజం. ఆ రాత్రి తర్వాత బావ నన్ను తిట్టడం మానేశాడు. రోజుకి నాలుగుసార్లు నా తరతరాల్ని లేపే మనిషి! నేను ఊరుకుంటానా? ఆయన రేడియో విప్పి, మళ్ళీ బిగించలేక సంచిలో పోసి ఇచ్చాను. "పోనీలేరా, పాతదే" అన్నాడు. పళ్ళు నూరుకుంటూ నవ్వాడు. ఆయన సైకిలు తగరపువలస సంతలో పోగొట్టుకుని బస్సులో వచ్చాను. మెడ నరాలు ఉబ్బాయి. గ్లాసుడు నీళ్ళు తాగి, "నీకేటీ కానేదు కదా" అన్నాడు. మాటా మాటా పెరిగేలా ఉంటే ఆయనే లేచి దొడ్లోకి వెళ్ళిపోయేవాడు. తెగిపోకూడనిదేదో రెండు చేతులా పట్టుకున్నట్టు ఉండేవాడు. చావు నుంచి తప్పించుకున్న బావమరిది మీద ముద్దేనేమో. ఇంకేదైనానేమో.

తర్వాత నాకు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. పెళ్ళయింది, గాజువాకలో వేరు కాపురం. అయినా ఆదివారం వచ్చిందంటే అన్నం అక్క దగ్గరే. పోయిన ఆదివారం అక్క బావి దగ్గరికి వెళ్ళినప్పుడు అడిగేశాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"బావా. ఆ రేతిరి నువ్వు కాదని నా మీద ఒట్టెయ్."

తింటున్నవాడు ఆగాడు. ఎడమచెయ్యి నా తల వైపు లేచింది. సగం దాకా వచ్చింది... అక్కడే నిలబడిపోయింది. దొడ్లో చేద చప్పుడు వినపడుతోంది. ఆయన కళ్ళు నా మొహం మీద లేవు. నా వెనక ఎక్కడో ఉన్నాయి.

ఆయనే అయితే... నేను బతకడం కోసం నన్ను వదులుకోవడానికి సిద్ధపడ్డాడన్నమాట. ఆయన కాకపోతే... ఆ చెయ్యి ఎవరిదో, ఇంకా ఆ నీళ్ళలోనే ఉందన్నమాట. ఏది వినాలని అడిగానో నాకే తెలీలేదు.

బావ చెయ్యి దించేశాడు.

"ఒట్లేటి, పిల్లల్లాగ. పులుసు సల్లారిపోతాది, తిను."

తన కంచంలోని చేప ముక్క తీసి, ముళ్ళు ఒక్కొక్కటీ ఏరి, నా కంచంలో పెట్టాడు. తిన్నాను.