వాగు అవతలి చప్పుడు

మాది దమ్మపేట దగ్గర అడవి అంచు ఊరు. మా ఆయన లారీ మీద వెళితే నెలకోసారి ఇంటికొస్తారు. రెండేళ్ల క్రితం మొక్కజొన్న కంకి వేసే వేళకు కోతుల మందలు దిగాయి. పగలంతా మంచె మీద నేనొక్కదాన్నే కాపలా.

అప్పుడే సంతలో కోతుల తుపాకి కొన్నాను. ప్లాస్టిక్ గొట్టంలో కార్బైడ్ ముక్క వేసి, కొంచెం నీళ్లు పోసి, లైటర్ నొక్కితే పేలుతుంది. తుపాకులంటే నాకు భయం. కళ్లు మూసుకుని నొక్కాను. కోతులు పారిపోయాయి. కాసేపటికి వాగు అవతల నుంచి అలాంటి చప్పుడే వినిపించింది. మళ్లీ పేల్చాను. మళ్లీ బదులొచ్చింది. ఇక ఆ రోజు నుంచి ఎప్పుడు తెల్లవారుతుందా, ఎప్పుడు తుపాకి పట్టుకుందామా అని ఉండేది.

ఒకరోజు ఎన్నిసార్లు పేల్చినా బదులు లేదు. అవతల పేల్చేవాళ్లు మంచె మీద నుంచి పడ్డారో, పాము కరిచిందో అని వాగు దాటి పరుగెత్తాను. అక్కడ మంచె మీద ఒక ముసలమ్మ తీరిగ్గా కూర్చుని ఉంది.

“నువ్వేనా బిడ్డా రోజూ కొట్టేది? నా కాడ కార్బైడ్ అయిపోయింది. నువ్వు కొట్టినప్పుడల్లా ‘ఉన్న, ఉన్న’ అంటనే ఉన్న. నీకు ఇనబడదాయె” అంది.

నా కార్బైడ్‌లో సగం ఆమెకిచ్చి వచ్చాను.

ఈ ఏడు ఆమె కొడుకులు ఆ చేనులో పామాయిల్ వేశారు. దాన్ని కోతులు ముట్టవు, కాపలా అక్కర్లేదు. ఆమె ఇప్పుడు మంచెకు రావడం లేదు. నేను మాత్రం కోతులు రాని రోజు కూడా ఒకసారి పేలుస్తాను. ఆమె ఎక్కడున్నా ‘ఉన్న’ అంటూనే ఉంటుంది. నాకు వినబడదంతే.