సులోచన మేడం చెప్పిన మెత్తబొక్క పాఠం

ఆదివారం పొద్దున మటన్ దుకాణంలో ఒక్క కత్తి దెబ్బకు మేక కాలి కీలు విడిపోయింది. ఎముక కొన మీద నీలం కలిసిన తెల్లటి పొర ఒకటి తడిగా, నున్నగా మెరిసింది. చుట్టూ పచ్చి మాంసం వాసన. నాకు మాత్రం చాక్‌పీసు పొడి వాసన వచ్చినట్టయింది. దుకాణదారు ఎప్పటిలాగే నాకు మాంసం తక్కువ, బొక్కలు ఎక్కువ వేశాడు. ఆ మాట అతని ముఖం మీదే చెప్పి వచ్చాను. దారి పొడవునా గుర్తొచ్చింది మాత్రం సులోచన మేడం.

చదువైపోగానే రఘునాథపల్లి నుంచి వచ్చి, వరంగల్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. మొదటి రోజే ప్రిన్సిపాల్ అందరి ముందు, "భాష కాస్త మార్చుకోవాలమ్మా, ఇది మీ ఊరు కాదు" అన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకింకా గుర్తే. అక్కడ ఇరవై ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న సులోచన మేడం మూల నుంచి నవ్వుతూ అన్నారు: "నా భాష గూడ మారలే సార్. పిల్లలకైతే మంచిగనే సమజైతాంది." ఆ పూటే నేను ఆమె మనిషినైపోయాను.

పాఠం ఎలా చెబుతారో చూద్దామని ఒకరోజు ఆమె తరగతిలో వెనక నిలబడ్డాను.

"మీ చెవులు వంచుండ్రి. ఇరిగినయా?"

"లేదు మేడం!"

ఒకడు పక్కవాడి చెవి మెలిపెట్టాడు. "నీ చెవి వంచమన్న బిడ్డా, వానిది కాదు" అంటూ ఆమె టిఫిన్ డబ్బా తెరిచారు. అందులో శుభ్రంగా కడిగిన మేక మోకాలి కీలు ఉంది. "పుస్తకంల దీన్ని మృదులాస్థి అంటరు, మన ఇండ్లల్ల మెత్తబొక్క అంటం. మీ చెవులల్ల గూడ ఇసొంటిదే ఉంటది. బొక్క, బొక్క రాసుకోకుండ నడుమ ఇది ఉంటది. దీంట్లకు నెత్తురు రాదు. కీలుల ఉన్న జిగట నీళ్లే దీనికి తిండి. అందుకే అరిగిందంటే మళ్ల మంచిగ పెరగదు." పిల్లలు వరసగా వచ్చి ఆ నునుపును వేలితో తాకి వెళ్లారు. వాసన వస్తోందని ముక్కు మూసుకున్నవాళ్లు కూడా తాకకుండా పోలేదు.

ఆ బడిలో ఒక పద్ధతి ఉండేది. తరగతి గదుల్లో టీచర్లకు కుర్చీలు ఉండవు. టీచరు కూర్చుంటే పాఠం కూడా కూర్చుంటుందని యాజమాన్యం నమ్మకం. రోజుకు ఏడు పీరియడ్లు నిలబడే చెప్పాలి. నేను చేరిన రెండో ఏడు మేడం ఒక్కో మెట్టు మీద ఆగి ఎక్కడం గమనించాను. పాఠం మధ్యలో బోర్డుకు ఆనుకునేవారు. ఒకరోజు నేనే బలవంతంగా దవాఖానకు తీసుకెళ్లాను. రెండు మోకాళ్లలోనూ మెత్తబొక్క అరిగిపోయిందని, ఇలాగే నిలబడితే నడక పోతుందని డాక్టరు చెప్పాడు. ఉద్యోగం మానేస్తే ఆమెకు ఇల్లు గడవదు. భర్త పోయి చాలా కాలమైంది.

కుర్చీ కోసం నేను అర్జీ రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. మొదటి రోజు మాటతో మొదలుపెట్టి, నాకు జరిగిన ప్రతి అవమానాన్నీ అందులో ఎక్కించాను. మేడం ఎర్ర పెన్ను తీశారు.

"ఇది అర్జీనా, నీ జీవిత చరిత్రనా రజితా?"

చివరికి ఒక్క వాక్యం మిగిలింది: టీచర్లందరికీ తరగతి గదుల్లో కుర్చీలు వేయించగలరు.

"మీ మోకాళ్ల సంగతి గూడ కొట్టేసిన్రు మేడం!"

"అవ్ మరి. నా ఒక్కదాని కోసం అడుగుతలేను."

దాని కింద రెండే సంతకాలు పడ్డాయి, ఆమెది, నాది. రెండు రోజులకు ప్రిన్సిపాల్ ఆమె గదికి ఒక కుర్చీ పంపాడు. ఆరోగ్యం బాగాలేదు కాబట్టి ప్రత్యేకంగా ఇస్తున్నామని కబురు కూడా పంపాడు. నేను గెలిచామనుకున్నాను. మేడం ఆ కుర్చీని వెనక్కి పంపేశారు. స్టాఫ్ రూంలో అందరి ముందే ఆమెతో కొట్లాడాను.

"మొండితనం నాది మేడం, మీకెందుకు? జర కూసోండ్రి!"

"నాకొక్కదానికిస్తే నేను కుంటిదాన్నైత. అందరికిస్తే అది వట్టి కుర్చీ. రేపు నీ మోకాళ్లు అరిగినంక నువ్వు మళ్ల అర్జీ వట్టుకొని తిరుగుతవా?"

గంట కొట్టగానే ఆమె గోడ పట్టుకుని తరగతికి వెళ్లారు. ఆ రోజు మిగిలిన పీరియడ్లన్నీ నిలబడే చెప్పారు. సాయంత్రం లెక్కల సార్ నా దగ్గరకు వచ్చాడు. నాకు 'కంప్లైంట్ రజిత' అని పేరు పెట్టింది ఆయనే. "ఆ కాయితం ఇటియ్యి" అని తలెత్తకుండా సంతకం పెట్టాడు. ఆ పేరూ మరిచిపోలేదు, ఆ సంతకమూ మరిచిపోలేదు. మర్నాటికి అందరి సంతకాలూ పడ్డాయి.

మరుసటి వారం ప్రతి గదికీ కుర్చీ వచ్చింది. ప్రార్థన సమయంలో ప్రిన్సిపాల్ అదంతా యాజమాన్యం పెద్దమనసు అని చెప్పాడు. నేను పళ్లు కొరుక్కుంటుంటే మేడం నా చెయ్యి గిల్లి, "చెప్పుకోనియ్యే. కుర్చీ వచ్చిందా లేదా?" అన్నారు. ఆ రోజు ఆమె కాళ్లు చాపుకుని కూర్చుని పాఠం చెప్పారు. ఒక్క పిల్లవాడు కూడా నిద్రపోలేదు. ఇంకా కొన్నేళ్లు పనిచేసి మానేశారు. ఇప్పుడు మరిపెడలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. చర్చికి మెల్లగానే అయినా తన కాళ్ల మీదే నడిచి వెళ్తారు. ఆ సంగతి ఎవరికి చెప్పినా, ఆ నడకలో నాకూ వాటా ఉన్నట్టు ఛాతీ పొంగుతుంది.

పోయినేడు ఒక పెద్ద బడివాళ్లు నన్ను పిలిచారు. జీతం ఎక్కువ. అన్నీ మాట్లాడాక, ఏమైనా అడగాలా అన్నాడు అక్కడి ప్రిన్సిపాల్.

"క్లాసుల టీచరుకు కుర్చీ ఉంటదా సార్?"

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "ఉండదు. మీకేమన్నా మోకాళ్ల నొప్పులున్నాయా?"

"లేవు సార్. రాకముందే అడుగుతాన్న."

ఆ ఉద్యోగం నాకు ఇవ్వలేదు. మళ్లీ ఎవరు పిలిచినా, జీతం కంటే ముందు అదే అడుగుతాను.