ఎమ్మిగనూరు కింద మ వత్తు

ఛీ, ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆదోనిలో ఒక పత్తి సావుకారి తన లారీ డ్రైవర్ల ఫోన్లలోకి మ్యాపు కావాలన్నాడు. జనం పోగుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చిన సమాచారం తీసుకుని, దానికి రంగులూ గీతలూ అక్షరాలూ దిద్దడం నా పని. తారురోడ్డుకు ముదురు రంగు వేశాను. వానపడితే లారీ దిగబడే నల్లరేగడి దారికి చుక్కల గీత పెట్టాను. పేర్లన్నీ తెలుగులో పెట్టాను, ఎందుకంటే ఆ లారీల్లో ఒకటి నడిపేది మా చిన్నాయన. మగ్గం వదిలి స్టీరింగు పట్టినవాడు. ఆయనకు తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు.

ఫోన్లో తెరిచి చూపిస్తే ముఖం చిట్లించాడు.

"ఏందిరా అబ్బీ, మన ఊరి కాలు ఇరగ్గొట్టినావే!"

నిజమే. ఎమ్మిగనూరు కాస్తా 'ఎమ్ మిగనూరు' అయి కూర్చుంది. జొన్నగిరిదీ అదే గతి. సమాచారంలో పేరు శుభ్రంగానే ఉంది, తెర మీద అక్షరాలు గీసే దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్‌కే వత్తు కలపడం రాదు. వత్తుల్లేని ఆదోని, కోడుమూరు, గూడూరు మాత్రం దర్జాగా ఉన్నాయి.

వత్తున్న ప్రతి పేరునూ విడిగా బొమ్మ గీసి అతికించాలి, వారం పడుతుందని సావుకారికి చెప్పాను. ఆయన అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఫోన్ చూశాడు.

"ఆదోని బాగనే ఉండాది కదప్పా. తక్కినవి ఇంగ్లీషులో కొట్టిపారెయ్. సదవలేనోడు లారీ దిగిపోతాడు."

దిగిపోయేది మా చిన్నాయన. ఆ అగ్గిపుల్ల నోట్లోంచి తీయకుండానే ఆయన మ్యాపును పెద్దది చేసుకుంటూ తన జిన్నింగు మిల్లు దాకా పోయాడు. మిల్లుకు వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నాడు. ఆ పేరులో రెండు వత్తులు.

"యో, ఏందప్పా ఇది! మాయమ్మ పేరు ఇట్ల ముక్కలు సేసినావు?" అంటూ లేచి నిలబడ్డాడు. "వారమైనా పట్టనీ, ముందు దీని బొమ్మ గియ్యి. ఊర్లు ఎట్లన్నా సావనీ."

వాళ్ళమ్మ పేరుకైతే వారం ఉంది, మా ఊరి పేరుకైతే లేదు. థూ! ఆయన ముందు ఉమ్మలేక గుటక మింగి బయటికి వచ్చాను.

ముందు ఎమ్మిగనూరే గీశాను. మ కింద వత్తు ఒద్దికగా కుదిరేదాకా చెరిపి చెరిపి గీశాను. మధ్యలో సావుకారి ఫోన్ చేశాడు.

"మాయమ్మ పేరు అయిందా?"

"వరసలో ఉందన్నా. ఇంగా జొన్నగిరి కాడ ఉండాను."

వారం చివర చిన్నాయన లారీలో కూర్చుని ఊళ్ళ పేర్లన్నీ పైకి చదివాడు. ఎక్కడా తడబడలేదు. మిల్లు దగ్గరికొచ్చి ఆగి, కళ్ళు చికిలించాడు.

"సావుకారి వాళ్ళమ్మ కాలు ఇంగా అతకలేదేరా?"

"ఆమెది ఆఖర్న, చిన్నాయనా. నువ్వు బండి తియ్యి."