ఎవరి చేతికింద నేర్చినావు?

మా రిపేరు పనిలో కొత్తవాడు కనబడితే ముందు "ఎవరి చేతికింద నేర్చినావప్పా?" అని అడుగుతారు. ఆ తర్వాతే పేరూ, ఊరూ.

నేను పుంగనూరులో ఒక సాయిబు దగ్గర నేర్చుకున్నాను. తొంభైల్లో టీవీలు బాగుచేసేవాడు, రెండువేలు దాటాక కంప్యూటర్ మానిటర్లు కూడా. వెనక మూత తీసి, వాసన చూసి ఏది కాలిందో చెప్పేవాడు మా ఉస్తాదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాడు గానీ భాష రాదు. నాకు డిగ్రీ ఉండేది, దానికి తగ్గ పొగరూ ఉండేది.

మదనపల్లె నెట్ సెంటరులో, రిపేరు వాళ్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే ఆన్‌లైన్ ఫోరం ఒకటి పట్టుకున్నాను. అందులో ఇంగ్లీషుకో గది, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసే హిందీకో గది. ఇంగ్లీషు గదిలో నాకు మంచి పేరొచ్చింది. నా జవాబుల్లో సగం ఉస్తాదువే. పొద్దున అంగట్లో ఆయన నోట విన్నది సాయంత్రానికి ఇంగ్లీషులో నాదయ్యేది. హిందీ గదంటే నాకు చిన్నచూపు.

ఒకరోజు ఆయన్నీ తీసుకుపోయాను. హిందీ గది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అచ్చరాలు ఇంగ్లీషువైనా మాట మా ఇంట్లోదే గదప్పా!"

ఆపైన వారానికోసారి తనే బస్సెక్కి పోయేవాడు. మన పక్క సాయిబులు మాట్లాడే ఉర్దూలోనే రాసేవాడు. ఉత్తరాది వాళ్లు నవ్వారు, ఇదేం అడవి హిందీ అన్నారు. ఆయన నొచ్చుకోలేదు. నా పని మీద అనుమానముంటే నా శిష్యుణ్ని అడగండి అని ఇంగ్లీషు గదిలో ఉన్న నన్ను చూపించాడు.

వాళ్లు ఇంగ్లీషు గదిలోకి వచ్చి అందరి ముందూ అడిగారు, ఈయన నీ గురువా అని. ఆ నవ్వు నామీదికి మళ్లుతుందని భయమేసింది. 'నో' అని కొట్టాను. తర్వాతైనా తీసేయలేదు.

ఆయన మళ్లీ నెట్ సెంటరుకు పోలేదు. "కండ్లు లాగుతాండాయప్పా" అన్నాడు. ఇంగ్లీషులో రాసింది ఆయనకేం అర్థమవుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేని బతుకు.

రెండేళ్లకు కుప్పంలో సొంత అంగడి పెట్టాను. మొహం చెల్లక ఆయన్ని పిలవలేదు. అయినా వచ్చాడు, తన పాత మల్టీమీటరు గుడ్డలో చుట్టుకుని. అప్పుడే శాంతిపురం నుంచి వచ్చిన గిరాకీ ఒకాయన నన్నడిగాడు.

"పని ఎవురి తావ నేర్చినావప్పా?"

నేను నోరు తెరిచేలోపే ఉస్తాదు అందుకున్నాడు.

"సొంతంగా నేర్సుకున్నాడప్పా. నేను ఊరికే సూసిపోదామని వచ్చినా."

ఆ రెండక్షరాల ఇంగ్లీషు ఆయనకు అర్థమైందని అప్పుడు తెలిసింది. మల్టీమీటరు బల్లమీద పెట్టి, టీ కూడా తాగకుండా బస్టాండుకు నడిచాడు. ఆయన చెప్పింది అబద్ధమని ఆ గిరాకీతో నేను అప్పుడు కూడా అనలేదు.