బొమ్మ ఆగితే వాన

మా ఇంట్లో టీవీ బొమ్మ ఆగిపోతే ఎవరూ రిమోట్ కోసం వెతకరు. కల్లంలోకి పరుగెత్తుతారు.

మాది మిరప వ్యవసాయం. కోసిన కాయ ఇంటి వెనక కల్లంలో ఆరుతూ ఉంటుంది, ఎండలు ముదిరేదాకా. దాని మీద ఒక్క జల్లు పడిందంటే ఎరుపు పోయి తెల్లగా పాలిపోతుంది. దాన్ని తాలుకాయ అంటారు. మిర్చి యార్డులో దాని మొహం చూసేవాడుండడు. అందుకని కల్లంలో కాయ ఉన్నన్నాళ్లూ నాకు అన్నం సయించదు, ఎండ కాస్తున్నా భయమే. దానికి తోడు తూర్పు పక్కింటివాళ్లు మేడ మీద మేడ కట్టారు. అప్పటినుంచి సముద్రం వైపు ఆకాశం మా పెరట్లోంచి కనపడదు. వాడరేవు వైపు నుంచి మబ్బు వస్తే, నెత్తి మీదకి వచ్చేదాకా మాకు తెలియదు.

ముందు తెలిసేది డిష్‌కి. డాబా మీది ఆ గిన్నె సరిగ్గా ఆ మూలకే తిరిగి ఉంటుంది. అటు మబ్బు చిక్కబడగానే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోయి ఆగిపోతుంది. ఆ తర్వాత కాసేపటికి చినుకు మొదలవుతుంది. ఆ కాసేపట్లో కాయ కుప్పజేసి పట్టాలు కప్పేయొచ్చు. ఇది మాకెవరూ చెప్పలేదు. సీరియల్ మంచి పట్టులో ఉండగా ఆగిపోతోందని తిట్టుకుంటూ తిట్టుకుంటూ మా అత్తయ్యే కనిపెట్టింది.

పోయినేడు మా అమ్మాయి గుంటూరు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. వచ్చీ రాగానే డిష్ మీద పడింది.

"ఇంకా డిష్ ఏంటమ్మా? నెట్ పెట్టిద్దాం. ఏది కావాలంటే అది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు."

క్రికెట్ వస్తుందా అని వాళ్ల నాన్న అడిగారు. వస్తుందంది. నా సీరియళ్ల సంగతేమిటని అత్తయ్య అడిగింది. అవీ వస్తాయి, నువ్వు లేచెళ్లి మంచినీళ్లు తాగొచ్చేదాకా ఆపుకోవచ్చు కూడా అంది. దాంతో అత్తయ్య మనవరాలి పార్టీలో చేరిపోయింది. రెండూ దేనికి, ఒకటి చాలన్నారు మావారు.

"కల్లం అయ్యేదాకా డిష్ ఉండనివ్వండి," అన్నాను.

"ఎందుకూ?"

"మబ్బు తెలుస్తుంది."

ముగ్గురూ నవ్వారు. కనిపెట్టిన మనిషి కూడా నవ్వింది. మావారు జేబులోంచి ఫోన్ తీసి నా కళ్లముందు పెట్టారు. "వానొస్తే ఇందులో చెప్తాడు. నీ పిచ్చిగానీ, మబ్బు కోసం ఎవరన్నా డిష్ పెట్టుకుంటారా?"

నాకు ఒళ్లు మండింది. భయాన్ని పట్టుకుని ఎలా వాదించను? మర్నాడే కుర్రాళ్లు వచ్చి నెట్ పెట్టి వెళ్లారు. డిష్ వైరు పీకి డాబా గోడ మేకుకు చుట్టేశారు.

వారం తిరక్కుండానే మావారు ధర ఎట్లా ఉందో చూసొస్తానని యార్డుకు వెళ్లారు. కల్లంలో రెండో కోత కాయ పరిచి ఉంది. కూలీలు మధ్యాహ్నం అన్నాలకు ఇళ్లకు వెళ్లిపోయారు. నేను వంటింట్లో గోంగూర ఉడికిస్తున్నాను. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, ఒకటే ఉక్కపోత. మావారికి ఫోన్ చేశాను.

"ఇక్కడ ఎండ పేలిపోతోంది. ఫోన్లో కూడా ఏం లేదు. కాసేపు నడుం వాల్చరాదూ?" అన్నారు.

అయినా మనసు ఒప్పలేదు. వంటింట్లోంచే కేకేశాను. "అత్తయ్యా, బొమ్మ ఎట్లా వస్తోంది?"

"అద్దంలా వస్తోందమ్మాయ్."

నమ్ముతారో లేదో, ఆ మాటతో నా గుండె కుదుటపడింది. డిష్ వైరు మేకుకు వేలాడుతోందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా ఇన్నేళ్ల అలవాటు. బొమ్మ బాగుందంటే వాన లేదని ఆవిడా అనుకుంది, నేనూ అనుకున్నాను. పొయ్యి దగ్గరికి వెళ్లి తాలింపు పెట్టాను.

ఆవాలు ఇంకా చిటపటలాడుతుండగానే పెరట్లో రేకు మీద చినుకులు పడ్డాయి. పొయ్యి కూడా కట్టేయకుండా పరుగెత్తాను. నా వెనకే అమ్మాయి, దాని వెనక మోకాళ్ల నొప్పులతో అత్తయ్య. కాయ ఎగదోస్తుంటే ఘాటుకు ముగ్గురికీ దగ్గు, కళ్లమ్మట నీళ్లు. పట్టా ఒక అంచు పట్టుకుంటే రెండో అంచు గాలికి లేచిపోతోంది. లోపల సీరియల్లో ఎవరో ఏడుస్తోంది, ఒక్క మాటా తెగకుండా. ఆ టీవీని ఎత్తి రోడ్డు మీద పడేయాలన్నంత కోపం వచ్చింది నాకు. గోడవారగా పరిచిన కాయ కళ్లముందే నానిపోయింది. మిగిలింది కప్పగలిగాం.

సాయంత్రం మావారు వచ్చి గోడవార నిలబడి ఒక కాయ తీసి నలిపి చూశారు. నాలుగు మాటలంటే నేనూ నాలుగు అనేదాన్ని. మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కి డిష్ వైరు తనే తగిలించారు. అమ్మాయి ఎవరూ అడక్కుండానే తన ఫోన్లోంచి రీఛార్జి చేసింది. మాడిన గోంగూర మూకుడు మాత్రం నేను తోముకోవాల్సి వచ్చింది.

ఈ ఏడు ఇంట్లో రెండూ ఉన్నాయి. హాల్లో నెట్ కోసం కొన్న కొత్త టీవీ. వెనక వసారాలో, కల్లానికి ఎదురుగా, డిష్‌తో పాత టీవీ. అత్తయ్య మకాం వసారాలోకి మార్చింది. సీరియల్ ఆపుకునే సుఖం వదులుకుని, తొడిమలు తీస్తూ అక్కడే కూర్చుంటోంది. బొమ్మ చెదిరిందంటే ఊరంతా వినపడేలా కేక పెడుతుంది. మేం పరుగెత్తుతాం, కప్పుతాం. పరుగెత్తేటప్పుడు నాకేం భయం ఉండదు.

భయమంతా బొమ్మ చక్కగా వస్తున్నప్పుడే. చేతికి పిండి ఉన్నా సరే, అలాగే డాబా మెట్లెక్కి పక్కింటి మేడ అవతల ఏముందో కళ్లారా చూస్తే గానీ నిలవలేను. నిన్నా అంతే.

"బొమ్మ బాగానే వస్తోందిగా, మళ్లీ ఎక్కడికి?" అంది అత్తయ్య.

"బాగా వస్తోంది, అందుకే పోతున్నా," అన్నాను.